గౌతమీముఖమున మరపడవలు

వేసవి వచ్చినది. పట్టణములు కొలుములవలె మండుచున్నవి. చల్లని తావులను వెదకికొనుచు మనవారు కొందరు కొండల కేగుచున్నారు. కొందరు కేరళమునకు బోయి, అచ్చటి ఉప్పుటేరులలో పడవలపై విహరించి వచ్చి, ఆ సొగసును మనకు వర్ణించుచున్నారు. వారి సంతోషమును మేము తప్పు పట్టము. కాని మన గోదావరి సముద్రమున గలియు చోటులందును అట్టి జలమార్గములు కలవని వారిలో నెందరెరుగుదురు?

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా జీలును. అందు గౌతమి తూర్పునకు సాగి, కోరంగి, గాడేరు అను పాయలతో మడయడవులలో జొచ్చును. ఈ యడవులలో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర 1978వ సంవత్సరమున అభయారణ్యమైనది. ఇచ్చట చెట్ల వ్రేళ్లు బురదనుండి మేకులవలె మీదికి లేచి గాలి పీల్చుకొనును. నీటికుక్కలు, చేపలు పట్టి బ్రదుకు అడవిపిల్లులు ఇచ్చటి ప్రజలు. ఒకనాడు కోరంగి గొప్ప రేవు. అచ్చటినుండి ఓడలెక్కి బర్మాకు బోయిన మనవారికి ఆ దేశమున ‘కోరంగీ’లను పేరే నిలిచిపోయినది. 1839వ సంవత్సరపు ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టినది. ఇట్టి చోటికి మరపడవలలో యాత్రికులు పోవుచుండుట మాకు ఆనందకరమే. ఆ పోకడ యెట్లుండవలెనన్నదే ప్రశ్న.

గత వేసవిని అమావాస్య దినములలో మేమును కొందరు మిత్రులతో ఆ పాయలలో నొక మరపడవ నెక్కితిమి. పడవ బయలుదేరు వేళ మధ్యాహ్నము పండ్రెండు గంటలని పలకపై వ్రాసియుండెను. ఆ వేళకే కదలినది. గంట గడచునప్పటికి అడుగు బురదను దాకి నిలిచిపోయినది. మర ఎంత తిరిగినను బురద చిమ్ముటయే గాని పడవ కదలలేదు. త్రాగునీరు చాలినంత లేదు. పిల్లలు ఎండకు సొమ్మసిల్లుచుండిరి. అంతలో వలతో వచ్చుచున్న యొక వృద్ధ జాలరి మమ్ము జూచి, “పాటు తీత్తుంటే ఏట్లోకి ఎవురు తెమ్మన్నారండి? పోటెక్కితే అదే తేల్తదండి” అని, తన కుండలోని నీరు పిల్లలకిచ్చి, వారిని తన చిన్ననావలో ఒడ్డు చేర్చెను. పెద్దలము పొద్దు వాలువరకు అచ్చటనే యుంటిమి.

ఆ వృద్ధుని మాటలో శాస్త్రమంతయు నున్నది. వేసవిలో ఆనకట్ట దాటి వచ్చు నీరు స్వల్పము. కావున ఈ పాయల లోతు సముద్రపు పోటుపాటులపైననే యాధారపడును. దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు పాటు. నేటి పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యా పూర్ణిమలకు పోటెంత హెచ్చో పాటంత తగ్గు. ఇట్టిచో ప్రతిదినము ఒకే గంటకు పడవ నడపుదుమనుట చంద్రునికి తాఖీదు పంపుటయే! పలకపై వ్రాయవలసినది ఆనాటి పోటువేళ.

ఇక వేగము. ఇరుకు పాయలలో మరపడవ దూకుడుగా బోయినచో, దాని యలలు మెత్తని గట్లను కోయును. పంకా జాలరుల వలలను చీల్చును. విహారికి గంటసేపటి వినోదము, జాలరికి నెలనాళ్ల కష్టము. వేగమునకు హద్దు విధించి, దానిని అమలు జరుపుట ధర్మము.

రక్షణ చొక్కాల విషయమున ఉపేక్ష పనికిరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారపడవ మునిగి నలుబదిమందికి పైగా మరణించిరి. ఎగువను వరద, దిగువను పాటు. నది స్వభావమును లక్ష్యపెట్టనివానికి రెండును ప్రమాదములే.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మన సముద్రమున మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఈ కట్టడి సమంజసమే. ప్రభుత్వము భృతియు నిచ్చుచున్నది. అయినను, మర నడుపుటయందు ఆరితేరి, పోటుపాటుల నెరిగిన చేతులు ఊరక కూర్చుండు దినములును, విహారులు గుంపులుగా వచ్చు దినములును ఒక్కటియే కదా! ఆ చేతులకే చుక్కాని అప్పగింపరాదా? ప్రతి విహారపడవపై ఆ తీరపు జాలరి నొకనిని దారి చూపువానిగా నియమించి తగిన జీతమిచ్చినచో, యాత్రికునికి క్షేమము, జాలరికి గౌరవము, అడవికి రక్ష. సంబంధించిన అధికారు లీ విషయమును వచ్చు వేసవికి పూర్వమే యోచింపవలెనని విన్నవించుచున్నాము.

పాఠకులకును ఒక మాట. గౌతమిని జూడబొండు, తప్పక పొండు. కాని పడవ నెక్కుటకు ముందు వేళను రేవులోని ముసలి జాలరి నడుగుడు.