రెజ్యూమేలో జేయూనిట్, రిపోలో సున్నా

స్ప్రింగ్ ఇనిషియలైజర్‌లో కొత్త ప్రాజెక్టు తయారుచేసి దింపుకుంటే, అడక్కుండానే అందులో ఒక టెస్ట్ క్లాస్ వస్తుంది. లోపల ‘కాంటెక్స్ట్‌లోడ్స్’ అని ఒకే ఒక మెథడ్, అదీ ఖాళీ. రెండేళ్ల తర్వాత, ఎన్నో చేతులు మారాక అదే ప్రాజెక్టు తెరవండి. మెయిన్ ఫోల్డర్‌లో వందల ఫైళ్లు పెరిగి ఉంటాయి. టెస్ట్ ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైలే ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. డేటాబేస్ దొరక్క బిల్డ్ ఆగిపోతోందని ఎవరో తీసేసి ఉంటారు. ఆ ప్రాజెక్టులో పనిచేసిన వాళ్ల రెజ్యూమేల్లో మాత్రం ‘జేయూనిట్, మొకిటో’ అని టెస్టింగ్ సాధనాల పేర్లు తప్పకుండా కనిపిస్తాయి. నా కడుపుమంట అక్కడే.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ నడవండి. కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్. యూనిట్ టెస్టింగ్ బోర్డుకెక్కడం అరుదు. చెప్పినా చివరి వారంలో చెబుతారు, అప్పటికి సగం బ్యాచ్ మాక్ ఇంటర్వ్యూల హడావిడిలో ఉంటుంది. ఉద్యోగంలో చేరాక కథ మరీ అన్యాయం. ఎస్టిమేట్‌లో ‘టెస్టులకు రెండు రోజులు’ అని రాస్తే, క్లయింట్ గట్టిగా అడిగిన మరుక్షణం కూరలో కరివేపాకులా తీసి పారేసేది ఆ రెండు రోజుల్నే. ‘క్యూఏ వాళ్లున్నారుగా’ అంటారు. క్యూఏ వాళ్లు ఎక్కువగా స్క్రీన్ ముందు కూర్చుని చూస్తారు. లోపల ఒక మెథడ్ 1900 సంవత్సరం గురించి ఏమనుకుంటోందో వాళ్లకెలా తెలుస్తుంది?

1900 అని ఊరికే అనలేదు. జావా మొదలుపెట్టినవాళ్లలో లీప్ ఇయర్ ప్రోగ్రామ్ రాయనివాళ్లు ఉండరు. 2024 ఇస్తారు, కన్సోల్‌లో ‘ట్రూ’ చూస్తారు, మూసేస్తారు. నాలుగుతో భాగించి చూసి ఊరుకునే తప్పుడు కోడ్ కూడా 2024కి ట్రూ అనే అంటుంది. దాని బండారం 1900 దగ్గర బయటపడుతుంది. వందతో పోతుంది, నాలుగొందలతో పోదు, కాబట్టి లీప్ కాదు. 2000 అవుతుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ఇక్కడే తప్పు చేసింది. దానితో ఫైళ్లు కలవాలని ఎక్సెల్ ఆ తప్పును కావాలనే మోసుకొచ్చింది. లేని 1900 ఫిబ్రవరి 29 ఎక్సెల్‌లో ఇప్పటికీ ఉంది.

ఈ నాలుగు సంవత్సరాలే, 2023, 2024, 1900, 2000, మీ మొదటి నాలుగు టెస్టులు. ఏర్పాటు కూడా పెద్దదేం కాదు. పోమ్ ఫైల్‌లో జేయూనిట్ జూపిటర్ డిపెండెన్సీ ఒకటి. మెయిన్ పక్కనే టెస్ట్ అనే ఫోల్డర్, దాని కింద జావా. క్లాస్ పేరు చివర ‘టెస్ట్’ అని పెట్టండి, మావెన్ ఆ పేరును బట్టే వెతుక్కుంటుంది. మెథడ్ నెత్తిన @టెస్ట్, లోపల అసర్ట్‌ట్రూ గానీ అసర్ట్‌ఫాల్స్ గానీ. పాస్ అయిందని సంతోషించకుండా కోడ్‌ను కావాలని ఒకసారి చెడగొట్టి ఎరుపు వస్తుందో లేదో చూడండి. ఎరుపెక్కని టెస్ట్‌ను నేను నమ్మను. అసర్ట్‌ఈక్వల్స్ వాడినప్పుడు రావలసిన జవాబు ముందు, వచ్చిన జవాబు తర్వాత రాయాలి. తిరగేసినా పాస్, ఫెయిల్ మారవు గానీ, ఫెయిలైన రోజు మెసేజ్ మిమ్మల్ని ఎదురుదారి పట్టిస్తుంది.

‘మా కోడ్‌కు టెస్ట్ రాయడం కుదరదండీ’ అంటారు కొందరు. నిజమే, కుదరదు. మెథడ్ నడిమధ్యలో లోకల్‌డేట్ నౌ పిలిచి కూర్చుంటే, ఫిబ్రవరి 29న ఏమవుతుందో చూడటానికి 2028 దాకా ఆగాలి. తేదీని పారామీటర్‌గా బయటినుంచి అందిస్తే ఈ బాధే లేదు. జావా 8లో వచ్చిన క్లాక్ క్లాస్ కూడా ఇలాంటి అవసరానికే. కోడ్‌లోని ఆ ముడిని ముందుగా చూపించిన పుణ్యం టెస్ట్‌ది, నింద కూడా దానికే.

టెస్టులను పట్టించుకోకపోతే పోనీ అనుకోవచ్చు. అవమానించడం ఇంకా ఘోరం. సోనార్‌క్యూబ్‌తో వచ్చే క్వాలిటీ గేట్ కొత్త కోడ్‌కు 80 శాతం కవరేజ్ అడుగుతుంది. దానికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు, మెథడ్‌ను పిలిచి అసర్ట్ లేకుండా వదిలేయడం. లైన్లు నడిచాయి కాబట్టి శాతం వచ్చేస్తుంది. గెట్టర్లకూ సెట్టర్లకూ టెస్టులు రాసి అంకె నింపేవాళ్లున్నారు. ట్రై-క్యాచ్ పెట్టి ఎక్సెప్షన్‌ను గుటుక్కున మింగించే టెస్టులూ చూశాను. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది, అప్రైజల్ బాగుంటుంది.

ఈ చిన్నచూపు జేయూనిట్‌కూ తప్పలేదు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలో కూర్చుని జేయూనిట్ మొదలుపెట్టారు. స్మాల్‌టాక్‌లో బెక్ అంతకుముందు చేసిన ఎస్‌యూనిట్ దానికి మూలం. ఇంత వాడుకున్న జావా లోకం, జేయూనిట్ 5 కోసం 2015లో చందాలు పోగుచేయాల్సిన స్థితికి దాన్ని తెచ్చింది. వ్యక్తులూ కంపెనీలూ తలా కొంత వేస్తే పని మొదలై, 2017లో విడుదలైంది.

టెస్టులుంటే బగ్గులు రావా అని అడుగుతారు. వస్తాయి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో తొమ్మిదేళ్లు ఒక బగ్ దాక్కుందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా చెప్పారు. అది బయటపడాలంటే అరేలో 107 కోట్లకు పైగా ఎలిమెంట్లు ఉండాలి. మన ప్రొడక్షన్ బగ్గులకు అంత వైభోగం లేదు. నల్ వచ్చింది, లిస్ట్ ఖాళీగా వచ్చింది, బిగ్‌డెసిమల్‌లో 2.0కీ 2.00కీ ఈక్వల్స్ ‘కాదు’ అంది. ఇంతే. వీటికోసమే డల్లాస్‌లో మధ్యాహ్నం మనవాడే ఫోన్ చేస్తే, హైదరాబాద్‌లో అర్ధరాత్రి మనవాడే లేచి లాగిన్ అవుతున్నాడు.

చివరగా ఇంటర్వ్యూ చేసే పెద్దలకు ఒక విన్నపం. హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందని ఎలాగూ అడుగుతారు, పిల్లలు దాన్ని బట్టీపట్టే వస్తారు. ఈసారి ఒక చిన్న మెథడ్ చూపించి, ‘దీనికి టెస్ట్ రాసివ్వు అమ్మా’ అనండి. మీరు అడగడం మొదలుపెడితే వచ్చే బ్యాచ్ నుంచే అమీర్‌పేటలో నేర్పుతారు.