గుట్టెక్కే బండి... సోమవారం కొలువుకూ పోవాలి!

జనగామ కాలేజీ గేటు దగ్గరైనా, మహబూబాబాద్ బస్టాండ్ పక్కన టీ కొట్టు దగ్గరైనా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల సందులోనైనా నలుగురు దోస్తులు కలిస్తే ముచ్చట చివరికి బండి మీదికే వస్తుంది. ఈమధ్య ఆ ముచ్చటలో ట్రయల్ రైడింగ్ కూడా చేరింది. అంటే తారు రోడ్డు వదిలేసి మొరం బాటల్లో, వాగుల వెంట, గుట్టల కింద బండి నడపడం. రీల్స్ చూసి మొదలైన ఈ మోజుతో ఒక పాత వాదన మళ్లీ లేచింది. టూ-స్ట్రోక్ మేలా, ఫోర్-స్ట్రోక్ మేలా?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. చదువు అయిపోయి కొలువు వెతుక్కుంటున్నవాళ్లు తీసుకోవాల్సింది రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న ఫోర్-స్ట్రోక్ బండి. టూ-స్ట్రోక్ చెడ్డ ఇంజిన్ కాదు. గుట్ట మీద కొన్ని చోట్ల అదే గొప్పది కూడా. కానీ మనలో చాలామంది ఇళ్లలో ఉండేది ఒక్క బండే. ఆదివారం గుట్టెక్కిన ఆ బండే సోమవారం ఇంటర్వ్యూకూ, కోచింగ్‌కూ, డ్యూటీకీ పోవాలి. ఎంపిక ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

తేడా ఎక్కడుంది?

ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ నాలుగు కదలికల్లో పని ముగిస్తుంది: పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం. అంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి శక్తి పుడుతుంది. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ శక్తి పుడుతుంది. దానికి వాల్వులు, క్యామ్ షాఫ్ట్ అక్కర్లేదు. సిలిండర్ గోడకు ఉన్న దారులను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుకే భాగాలు తక్కువ, బరువు తక్కువ, పికప్ ఎక్కువ.

మరి లోపం ఏంటి? కొత్త పెట్రోల్ మిశ్రమం లోపలికి వచ్చే సమయంలోనే పొగ బయటికి పోయే దారి కూడా తెరిచి ఉంటుంది. దాంతో కొంత పెట్రోల్ మండకుండానే సైలెన్సర్‌లోంచి వెళ్లిపోతుంది. పైగా పిస్టన్‌కు, క్రాంక్‌కు తడి అందాలంటే పెట్రోల్‌తో పాటే టూ-టీ ఆయిల్ లోపలికి పోవాలి. అది కూడా కాలిపోయి నీలి పొగగా బయటికి వస్తుంది.

ఈ కథ మన ఊళ్లు కళ్లారా చూసినదే. నాన్నల కాలంలో పల్లెల్లో తిరిగిన రాజ్‌దూత్ 175, యెజ్డీ, 1985లో వచ్చి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100... అన్నీ టూ-స్ట్రోక్‌లే. అదే 1985లో ఫోర్-స్ట్రోక్ హీరో హోండా సీడీ 100 వచ్చి మైలేజీ లెక్కనే మార్చేసింది. ఎరువు బస్తాలు, పాల క్యాన్లు మోసిన టీవీఎస్ ఎక్సెల్ సూపర్ టూ-స్ట్రోక్ అయితే, 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్-స్ట్రోక్. టూ-స్ట్రోక్‌ను ఎవరూ పేరు పెట్టి నిషేధించలేదు. 2000 నుంచి ఒక్కో మెట్టూ బిగుసుకుంటూ వచ్చిన పొగ ప్రమాణాలు, 2017లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6... వీటిని దాటడం దానికి కష్టమైంది.

గుట్ట మీద ఏది గెలుస్తుంది?

నిజాయితీగా చూద్దాం. పెద్ద బండరాళ్లు, నిట్టనిలువు ఎక్కుళ్లు ఉన్న చోట టూ-స్ట్రోక్‌దే పైచేయి. పోటీల కోసం చేసిన 250, 300 సీసీ టూ-స్ట్రోక్ బండ్లు దాదాపు వంద కిలోలే ఉంటాయి. పడితే ఎత్తడం సులువు, ఆగిపోతే తిప్పుకోవడం సులువు. ఆస్ట్రియాలో జరిగే ఎర్జ్‌బెర్గ్ లాంటి కఠినమైన ఎండ్యూరో పోటీల్లో ఇప్పటికీ టూ-స్ట్రోక్‌లే ఎక్కువగా కనిపిస్తాయి.

మోటోక్రాస్‌లో మాత్రం గాలి మారిపోయింది. 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌లో డగ్ హెన్రీ యమహా ఫోర్-స్ట్రోక్ మీద గెలిచాడు. మరుసటి ఏడాదే వైజెడ్400ఎఫ్ అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత ఒక్కో కంపెనీ అదే దారి పట్టింది.

ఇప్పుడు మన నేల సంగతి. జనగామ వైపు మొరం, చెల్కలు, అక్కడక్కడ బండలు. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, బయ్యారం వైపు ఎర్రమట్టి, అడవి బాటలు. భూపాలపల్లి నుంచి గోదావరి వైపు పోతే ఇసుక, వాన పడితే బండి చక్రాలకు అంటుకుపోయే నల్లరేగడి. ఇలాంటి నేలలో కొత్తగా నేర్చుకునేవాడికి కావాల్సింది మెల్లగా, సమంగా అందే లాగుడు. ఫోర్-స్ట్రోక్ తక్కువ ఆర్‌పీఎం దగ్గరే లాగుతుంది. టూ-స్ట్రోక్, అందులోనూ పాతది, ఒక స్థాయి దాకా నీరసంగా ఉండి ఒక్కసారిగా లేస్తుంది. చెయ్యి తిరిగినవాడికి అది మజా, కొత్తవాడికి వెనక చక్రం జారడం.

దిగుడులో ఇంకో సంగతి ఉంది. ఫోర్-స్ట్రోక్‌లో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని కొంత పట్టి ఆపుతుంది. టూ-స్ట్రోక్‌లో ఆ పట్టు తక్కువ. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే బండి అయితే పొడవాటి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసినప్పుడు పెట్రోల్‌తో పాటు ఆయిల్ అందడం కూడా తగ్గుతుంది. ఎక్కువసేపు అలాగే దిగితే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

చట్టం ఏమంటుంది?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు అందరికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే.

విదేశాల నుంచి వచ్చే పోటీ డర్ట్ బైకులు రోడ్డు కోసం చేసినవి కావు. వాటికి రిజిస్ట్రేషన్ కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే 49 సీసీ బుల్లి టూ-స్ట్రోక్ బండ్లదీ అదే పరిస్థితి. చిన్నదే కదా అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం మినహాయింపు ఇచ్చింది 25 సీసీ దాటని ఇంజిన్ ఉన్న వాటికే. ఇంటి నుంచి గుట్ట దాకా పోయే ఆ రెండు కిలోమీటర్ల రోడ్డు కూడా రోడ్డే. దాని మీద రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని బండితో ఎవరినైనా గుద్దితే పరిహారం మీ ఇంటి మీద పడుతుంది. అర ఎకరం అమ్మినా తీరని బాకీ కావచ్చు.

పాత ఆర్‌ఎక్స్ కొనేవాళ్లు ఆర్‌సీ చూడాలి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 1996లో ఆగిపోయిన బండికి ఎన్నిసార్లు రెన్యువల్ అయి ఉండాలో మీరే లెక్కేసుకోండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్‌సీతో కలవకపోతే ఆ బండి ఎంత ముద్దొచ్చినా ముట్టుకోవద్దు. బండి ఆకారం, ఇంజిన్ మార్చడానికి 52వ సెక్షన్ అడ్డు. సైలెన్సర్ పీకేసి చప్పుడు చేస్తే 190వ సెక్షన్ కింద మూడు నెలలు లైసెన్స్ పోయే అవకాశం కూడా ఉంది.

ఇక అడవి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా బండితో దూరితే 1967 నాటి అటవీ చట్టం కింద కేసు అవుతుంది. ఏటూరునాగారం లాంటి అభయారణ్యంలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఉంటుంది. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో వేల ఏళ్ల నాటి రాతి చిత్రాలున్నాయి. అక్కడికి నడిచిపోయి చూడాలి గానీ బండి ఎక్కించకూడదు.

కేసంటే ఫైన్ కట్టి బయటపడటమే కదా అంటారా? పోలీసు ఉద్యోగమైనా, మరో సర్కారీ కొలువైనా చివరికి వెరిఫికేషన్ ఫారం వస్తుంది. కేసు ఉందా అని అందులో అడిగితే దాచకూడదు. దాచితే ఏమవుతుందో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. చిన్న కేసును వదిలేసే విచక్షణ అధికారులకు ఉంటుంది. కానీ రెండేళ్లు గ్రౌండ్‌లో పరుగులు తీసి, రాత్రుళ్లు చదివి, చివరి మెట్టు మీద ఇంకొకరి విచక్షణ కోసం ఎదురు చూడటం అవసరమా?

జేబు లెక్క

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. పాత టూ-స్ట్రోక్ లీటరుకు 35 ఇస్తే 28 లీటర్లు దాటుతుంది. ఫోర్-స్ట్రోక్ 50 ఇస్తే 20 లీటర్లు చాలు. తేడా ఎనిమిది లీటర్ల పైనే. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అది నెలకు ఎనిమిది వందలకు పైమాటే. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ-టీ ఆయిల్ అర లీటరు దాటుతుంది, అది వేరే. ఏడాదికి పది వేలు! రెండు మూడు పరీక్షల పుస్తకాలు, మాక్ టెస్టులు, హైదరాబాద్ చార్జీలు అందులో వచ్చేస్తాయి.

టూ-స్ట్రోక్ రిపేరు చవక అనే మాటలో నిజం లేకపోలేదు. పిస్టన్, రింగులు మార్చడం, బోర్ చేయించడం ఫోర్-స్ట్రోక్ హెడ్ పనంత పెద్దది కాదు. కానీ ఆ పని తరచూ వస్తుంది. అసలు సామాను దొరకడం, చెయ్యి తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమవుతోంది. వాళ్లలో చాలామందికి వయసు మీద పడింది. ఫోర్-స్ట్రోక్‌లో వేళకు ఆయిల్ మార్చి, వాల్వు సెట్టింగ్ చూపించుకుంటే ఏళ్ల తరబడి తల విప్పే పని రాకపోవచ్చు.

మరి ఏది కొనాలి?

కొత్తది కొనే స్తోమత ఉంటే 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వరస ఉంది. 199.6 సీసీ, ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రాలు. 2025లో 210 వచ్చాక పాత 200లు సెకండ్ హ్యాండ్‌లోనూ చూడొచ్చు. 2024 చివర్లో వచ్చిన కవాసాకి కేఎల్‌ఎక్స్ 230 ఇంకా తేలిక, కానీ సీటు ఎత్తు ఎక్కువ, సర్వీసుకు దూరం పోవాలి. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ 150 కనిపిస్తే పార్టులు దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి.

అంత డబ్బు లేదా? ఇంట్లో ఉన్న వంద సీసీ బండే చాలు. మంచి టైర్లు వేయించండి. నిలబడి నడపడం, తక్కువ వేగంలో క్లచ్ పట్టడం, ఇసుకలో చూపు దూరంగా పెట్టడం నేర్చుకోండి. బండి మారినా ఈ నేర్పు మీతోనే ఉంటుంది. మిగిలిన డబ్బుతో ముందు ఐఎస్‌ఐ మార్కు హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు కొనండి. ఒంటరిగా పోవద్దు. వానాకాలంలో పొంగే వాగును బండితో కొలవొద్దు.

ఇంజిన్ జ్ఞానం కొలువుకు పనికొస్తుంది

టూ-స్ట్రోక్ కొనొద్దన్నాను గానీ నేర్చుకోవద్దని అనలేదు. పాలిటెక్నిక్ వైవాలో, మెకానికల్ ఇంటర్వ్యూలో రెండింటి తేడా అడగడం మామూలే. చాలామంది పుస్తకంలో వాక్యం అప్పజెప్పి ఆగిపోతారు. తెరిచిన ఇంజిన్‌లో పోర్టు చూసినవాడు చెప్పే జవాబు వేరేగా ఉంటుంది. 2022లో టీఎస్‌పీఎస్సీ 113 ఏఎంవీఐ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటి పరీక్షల్లో ఐసీ ఇంజిన్లు, మోటారు వాహనాల చట్టం రెండూ అక్కరకొస్తాయి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అక్కడ ఎలక్ట్రిక్ వాహనాల పని కూడా నేర్పుతారు. రాబోయే మెకానిక్‌కు కార్బురేటరూ తెలియాలి, బ్యాటరీ కూడా తెలియాలి.

కాబట్టి ఆదివారం మీ ఊరి మేస్త్రీ షెడ్డుకు పోయి ఒక పూట కూర్చోండి. ఆయన ఆర్‌ఎక్స్ ఇంజిన్ విప్పుతుంటే పక్కన నిలబడి సాయం పట్టండి, ప్రశ్నలు అడగండి. తర్వాత మీ ఫోర్-స్ట్రోక్ కిక్కు కొట్టి, కాగితాలు జేబులో పెట్టుకుని, అనుమతి ఉన్న బాట పట్టండి. గుట్టలు ఎక్కడికీ పోవు. కొలువు వచ్చాక, జీతం చేతికి అందాక, మూసిన ట్రాక్ మీద టూ-స్ట్రోక్ తోలే ముచ్చట కూడా తీర్చుకోవచ్చు.