చెప్పు మిలాన్‌ చేరింది, కుట్టినోళ్ల పేరు చేరలేదు

2025 జూన్‌ 22న మిలాన్‌ ప్రదర్శనలో ప్రాడా కొల్హాపురి చెప్పులను ఒట్టి 'తోలు చెప్పులు'గా చూపింది. ఊరి పేరు లేదు, చర్మకారుల పేరు లేదు. నిరసనలు వచ్చాకే వాటి భారతీయ మూలాన్ని ఒప్పుకుంది. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుంది: 2,000 జతలు, జత దాదాపు 800 యూరోలు.

నిరసనకు బలమిచ్చింది 2019 నాటి జీఐ గుర్తింపు. అయితే ఆ హక్కు కార్పొరేషన్ల పేరునే ఉంది. 800 యూరోల్లో కుట్టిన చేతికి దక్కేదెంత? మనం అడగాల్సింది ఇదే.

జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి మాదిగవాడల్లోనూ లందలో తంగేడు చెక్కతో తోలు ఊనారు, ఆరె, రంపెలతో కిర్రు చెప్పులు కుట్టారు. ఊరికి చెప్పులిచ్చినోళ్లే దొర గడి ముందు చెప్పులు చేతబట్టి నడిచారు. తోలును వాడుకున్న ఊరు, తోలు ముట్టిన మనిషిని వెలివేసింది. ప్రాడా పేరు చెప్పకపోవడం ఈ పాత అలవాటుకు కొత్త రూపమే.

జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి పనికి జీఐ ఉంది. తోలు పనికీ ఆ గౌరవం కావాలి. మన పిల్లలు మళ్లీ లందలోకి దిగాలని కాదు. తాతలు కూడబెట్టిన విద్యపై హక్కు వాళ్లదేనని. ఆ హక్కు కుట్టేవాళ్ల సంఘాల పేరున ఉండాలి, ధరలో వాటా ఒప్పందంలోనే రాసుండాలి.