బాడుగ యిండ్లు: నోటిమాట, వ్రాతమాట

మన పావగడ తాలూకా మూడు వైపుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడి, కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చేరియున్నది. తరతరములుగా ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములలో పలువురకు పొలముతోబాటు ఒకటో రెండో బాడుగ యిండ్లు గలవు. వాన తప్పిన యేట కొందరికి ఆ బాడుగయే గ్రాసము. ఒంటరియైన తల్లులకు, పని మానిన పెద్దలకు అదియే పింఛను. ఇంతటి ఆధారమును మనలో అనేకులు కేవలము నోటిమాటపై నడుపుచున్నారు. ఈ పద్ధతి మారవలెనని మా నిశ్చితాభిప్రాయము.

వ్రాతయొక్క విలువ మనవారికి తెలియనిది కాదు. తిరుమణి, బలసముద్రము, రాయచెర్లు, వల్లూరు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల మేర శక్తిస్థల సౌరవిద్యుత్ పార్కు వెలసినది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యమునకు చేరినది. దాని కొరకు రైతుల భూములను కొనలేదు. 28 సంవత్సరముల గడువునకు లీజుగా తీసికొన్నారు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకమారు 5 శాతము పెంపు అని నిర్ణయమైనది. ఆ లీజు మేలా కీడా యను చర్చ నేటికిని సాగుచున్నది. అది వేరు విషయము. కాని గడువెంత, పైకమెంత, పెంపెంత యను మూడు సంగతులును కాగితముపై నున్నందుననే ఆ రైతు నేడు నిలబడి అడుగగలుగుచున్నాడు. బీడు భూమికి పత్రము కోరిన మనము, కడుపు కట్టుకొని కట్టిన యింటిని మాత్రము “నమ్మకముగల మనిషి” అని తాళపుచెవి చేతికిచ్చి ఊరకుందుము. ఇది తగునా?

పత్రము వ్రాయించుటకు మనవారు వెనుదీయుటకు ఒక భయము కారణము. “పన్నెండేండ్లుంటే ఇల్లు వానిదైపోవును, కాగితమిచ్చిన మరింత చిక్కు” అని పెద్దలు చెప్పుచుందురు. ఈ భయముచేతనే సక్రమముగా బాడుగ కట్టు కుటుంబమును మూడేండ్లకో నాలుగేండ్లకో లేవగొట్టి, కొత్తవారిని తెచ్చి కష్టములు కొనితెచ్చుకొన్నవారు గలరు. చట్టము చెప్పునది దీనికి విరుద్ధము. బాడుగదారుగా ప్రవేశించినవాడు, ఆ హోదాలో నున్నంతకాలము, ఇల్లిచ్చినవాని యాజమాన్యమును కాదనుటకు వీలులేదు. అతడు పన్నెండేండ్లున్నను, ఇరువదేండ్లున్నను బాడుగదారే. అయితే అతడు బాడుగదారుగానే వచ్చెనని చూపుటకు సాక్ష్యము కావలెను గదా! ఆ సాక్ష్యమే కరారు పత్రము, నెలనెలా ఇచ్చు రశీదు. అనగా మనము భయపడుచున్న కాగితమే మనకు రక్ష. కాగితము లేని చోటనే ప్రమాదము.

ఇక ఆ పత్రమున ఏమేమి ఉండవలెను? ఇరువురి పేర్లు, ఇంటి గుర్తు, బాడుగ మొత్తము, చెల్లించు తేదీ, ఏటేటి పెంపు, అడ్వాన్సు, గడువు, ఖాళీ చేయుటకు ముందుగా ఇయ్యవలసిన నోటీసు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన గడువుగల లీజునకు రిజిష్టరు పత్రము తప్పనిసరి. అందుచేతనే 11 నెలల కరారు వాడుకలోనికి వచ్చినది. 11 నెలలు ముగియగానే తిరిగి వ్రాసికొనవలెను. పాత కాగితమును పెట్టెలో నుంచి అయిదేండ్లు గడుపరాదు. వేరు ఒప్పందము లేనిచో, నెలసరి బాడుగ యిల్లు ఖాళీ చేయించుటకు అదే చట్టము ప్రకారము 15 దినముల లిఖితపూర్వకమైన నోటీసు అవసరము. పిల్లల చదువు నడుచు కుటుంబమునకు ఆ గడువు చాలదు కావున, రెండు నెలలని పత్రములోనే వ్రాసికొనుట ఉభయులకు మేలు. అద్దె నియంత్రణ చట్టము వర్తించు చోట్ల నిబంధనలు వేరుగా నుండును. అట్టి సందేహమున్నచో న్యాయవాదిని ముందుగా విచారింపవలెను.

తండ్రి గతించి, ఖాతా మారక, అన్నదమ్ములు పొత్తున నున్న యిండ్లలో మరొక జాగ్రత్త అవసరము. బాడుగ ఎవరు తీసికొనవలెనో, రశీదు ఎవరు వ్రాయవలెనో వారందరును కలసి నిర్ణయించి పత్రమున సంతకములు చేయవలెను. అన్నకు కట్టిన బాడుగను తమ్ముడు తిరిగి అడిగినచో, తప్పు బాడుగదారునిది కాదు.

అడ్వాన్సు విషయము వ్యాపారులమైన మనము మరింత సూటిగా తెలిసికొనవలెను. అడ్వాన్సు మన ఆదాయము కాదు. తిరిగి ఇయ్యవలసిన అప్పు. దానిని అంగడి సరకులో పెట్టియో, పెండ్లి ఖర్చులకు వాడియో, బాడుగదారు ఖాళీ చేయునాడు “కొత్తవారు వచ్చి ఇచ్చిన తరువాత ఇత్తుము” అనుట మర్యాద కాదు. భోగ్యమునకిచ్చి లక్షలు పుచ్చుకొన్నవారికి ఈ హెచ్చరిక మరింత ముఖ్యము. ఆ పైకమును బ్యాంకులో వేరుగా నుంచుట ఉత్తమము. 2021లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాస గృహములకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదని సూచించినది. అది రాష్ట్రములు తమ చట్టముగా చేసికొన్న చోటనే అమలగును. అయినను న్యాయమైన కొలత యెట్టిదో దానివలన తెలియుచున్నది. ఇల్లు అప్పగించునాడే గోడలు, తలుపులు, కుళాయిలు, ఫ్యానులు ఎట్లున్నవో ఫొటోలు తీసి ఇరువురును ఉంచుకొన్నచో, ఖాళీ చేయునాడు సున్నము కొరకు, పగిలిన అద్దము కొరకు వాదములుండవు. వాడుకవలన కలుగు సహజమైన అరుగుదలకు అడ్వాన్సులో కోత పెట్టుట న్యాయము కాదు.

మన తాలూకాలో నీరే పెద్ద తగవు. బోర్లు ఎండిపోవుట, ఉన్న నీట ఫ్లోరైడు ఎక్కువగుట మనకందరకు అనుభవమే. కావున బోరు నీరు ఏ వేళల వదలుదురో, అది ఎండిన నాడు ట్యాంకరు ఖర్చు ఎవరిదో ముందే వ్రాసికొనవలెను. బాడుగ ఆలస్యమైనదని నీటిని ఆపుట, కరెంటు తీసివేయుట వంటివి ఎన్నటికి చేయరాదు. కరెంటు విషయమున ఒక్కొక్క కాపురమునకు ఒక్కొక్క మీటరు పెట్టించుట మేలు. 2023లో రాష్ట్ర ప్రభుత్వము ప్రవేశపెట్టిన గృహజ్యోతి పథకమునకు బాడుగదారులును అర్హులే. ఆ యింటి మీటరునకు తమ ఆధారును జోడించుకొనవలెను. ఆ యింట నివసించుచున్నారనుటకు బాడుగ పత్రము సాక్ష్యముగా పనికివచ్చును. మనము పత్రము వ్రాయకపోవుటచే ఒక పేద కుటుంబము ఆ ప్రయోజనమును కోల్పోరాదు. ఖాళీ చేయునప్పుడు పాత జోడింపు తీసివేయించుట, బకాయిలేదని చూచుకొనుట యజమాని పని.

బాడుగ ఇయ్యని మొండివారు లేరని మేమనము. అట్టివారికి వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చి, ఊరి పెద్దల యెదుట కూర్చుండబెట్టి, వినకున్నచో కోర్టునకు పోవలెను. బాడుగ బకాయికి దావా వేయుటకు గడువు మూడేండ్లే యని మరువరాదు. ఎంత కోపము వచ్చినను సామాను వీధిలో వేయుట, తాళము పగులగొట్టుట తగదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము ప్రకారము, చట్టవిరుద్ధముగా వెడలగొట్టబడినవాడు ఆరు నెలలలో దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును. అప్పుడు న్యాయము మన పక్షముననున్నను కేసు మన మీదికే వచ్చును.

ఇల్లు మనదైనను, బాడుగకిచ్చిన పిమ్మట అది వారి సంసారము. చెప్పకుండ తలుపు తోసికొని పోరాదు. వారింటికి ఎవరు వచ్చిరి, ఏమి వండిరి యని ఆరా తీయరాదు. ఊరు కొత్తయైన టీచరమ్మకో, నర్సమ్మకో, వేరు రాష్ట్రమునుండి పనికి వచ్చినవానికో కులము, భాష అడిగి ఇల్లు లేదనుట మనకు శోభ కాదు. గుర్తింపు పత్రముల నకలు తీసికొని, పనిచేయు చోటు విచారించుట చాలును. మన తాలూకానుండి ఎందరో బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు బెంగళూరు పోయి బాడుగ గదులలో నున్నారు. అచ్చట పది నెలల అడ్వాన్సు అడిగినప్పుడు, సంచి సర్దుకొను వేళ అందులో సగము కోసినప్పుడు మన కడుపు ఎట్లు మండునో తలంచుకొనవలెను. అచ్చట మన బిడ్డకు కోరునదే, ఇచ్చట పరుల బిడ్డకు మనము చేయవలసినది.

కడపట భాషను గురించి ఒక్క మాట. పత్రములు సాధారణముగా కన్నడమున నుండును. అది ఈ రాష్ట్ర భాష, అందరము నేర్వవలసినదే. కాని కన్నడము మాటాడవచ్చి చదువరాని పెద్దలు మనలో నేటికిని గలరు. అట్టివారు వ్రాతగాడు చూపిన చోట వ్రేలిముద్ర వేసి రారాదు. పత్రమును సంతకమునకు ముందు తెలుగున చదివించుకొని వినవలెను. బాడుగదారునకు తెలిసిన భాషలో అతనికిని వినిపింపవలెను. అర్థము కాని పత్రము నోటిమాట కంటె మేలు కాదు.

పత్రము వ్రాయుట అపనమ్మకమునకు గుర్తు కాదు. మన మరపును, మనిషి మరణమును, ధరల మార్పును తట్టుకొని నిలుచునది వ్రాత ఒక్కటే. బాడుగ యిండ్లుగల ప్రతి కుటుంబమువారును రాబోవు ఉగాదిలోపల కరారు వ్రాయించి, రశీదు పుస్తకము ప్రారంభించి, అడ్వాన్సు పైకమును వేరుపరుపవలసినదిగా కోరుచున్నాము.