రెండు నిమిషాల వీడియో, ఆ తర్వాతే పాఠం

1857 జూలై 17, శుక్రవారం. జుమా నమాజు తర్వాత మక్కా మసీదు నుంచి జనం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి కదిలారు. చెరలో ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ను విడిచిపెట్టమన్నది వారి కోరిక. రాత్రంతా కాల్పులు సాగాయి. తెల్లవారేసరికి తిరుగుబాటు అణగిపోయింది.

ఈ పాఠాన్ని మేము ఏళ్ల తరబడి పుస్తకం చూసి చెప్పాం. పిల్లలు తేదీలు వల్లించారు, పరీక్ష కాగానే మరిచారు. ఇటీవల సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో చూపాం. వెనుక బెంచీ కుర్రవాడు లేచి, "ఆ కోఠీ మన కోఠీయేనా ఉస్తాద్?" అన్నాడు. మా ఇన్నేళ్ల ఉపన్యాసాలు పుట్టించలేని ప్రశ్న అది!

అయితే వీడియో పని అంతవరకే. అందులో ఏదో సినిమా యుద్ధాన్ని అతికించారు. పిల్లలు నిజమే అనుకున్నారు. చీదా ఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగించింది నిజాం దివాన్ సాలార్ జంగే అన్న మాట అందులో లేదు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర హతుడైన సంగతీ, మౌల్వీ సాబ్ అండమాన్ చెరలోనే కన్నుమూసిన సంగతీ లేవు. వీరగాథకు రెండు నిమిషాలు చాలు, చరిత్రకు చాలవు.

మదరసాలో మాకు నేర్పిన మొదటి అలవాటు, ఎవరేం చెప్పినా "సనద్ ఏది?" అని అడగడం. వీడియోనూ అలాగే అడగాలి. ఎవరు తీశారు? ఆ బొమ్మ ఎప్పటిది? ఏం వదిలేశారు?

తల్లిదండ్రులారా! ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని చూడండి, ఆ ప్రశ్నలు అడగండి. ఒక ఆదివారం బిడ్డను కోఠీకి తీసుకెళ్లండి. రెసిడెన్సీ భవనం నేటికీ అక్కడే ఉంది.