పైసలు మనయి.. పెత్తనం గేటుదా?

శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లోనో, మాదాపూర్‌లోనో ఒక పబ్బు గేటు కాడ కాసేపు నిలబడి చూడున్రి. బౌన్సర్ ముందుగాల మనిషి ముఖం చూడడు, కాళ్లు చూస్తడు. చెప్పులుంటే పక్కకు జరుగుమంటడు. బూట్లుంటే రెండో ప్రశ్న వేస్తడు: 'స్టాగా, కపులా?' జంటగా వచ్చినోళ్లకు దారి ఇస్తడు. ఆఫీసు అయిపోయినంక నలుగురు దోస్తులు కలిసొస్తే 'స్టాగ్స్ నాట్ అలౌడ్' అంటడు. ఇంకొంచెం బతిమిలాడితే కొన్నిచోట్ల మాట మారుతది. తలా ఇంత కవర్ చార్జి కడితే పొమ్మంటడు. పైసలకు కరిగిపోయేది నియమం ఎట్లయితది? దాని పేరు వసూలు.

స్టాగ్ అంటే మగ దుప్పి. ఆడతోడు లేకుంట వచ్చిన మొగోన్ని జంతువు పేరు పెట్టి పిలిచి, వాపస్ పంపి, దానికి 'పాలసీ' అని పేరు పెట్టిన్రు. ఈ పాలసీ రాసిందెవరు? ఏ శాసనసభ పాస్ చేసింది?

తాగుడును మెచ్చుకునే పని ఈ పత్రికది కాదు. తాగుడుతోని కూలిన ఇండ్లు మన వాడకట్టులోనే ఉన్నయి. 'ఊర్లె ఇన్ని బాధలుంటే పబ్బుల ముచ్చట మీకెందుకు?' అని కొందరు అడుగుతరు. ఇది సీసా పంచాయితీ కాదు, గేటు పంచాయితీ. జనానికి తెరిచిన జాగాలో, జేబులోని పైసలు పెట్టి కూసునే మనిషిని ఎవరు ఆపాలె, ఏ కారణంతోని ఆపాలె అన్నది అసలు ప్రశ్న. ఇయ్యాల పబ్బు గేటు కాడ ఊకుంటే రేపు సినిమా హాలు కాడ గదే బౌన్సర్ ఉంటడు.

రేపటి దాకా ఎందుకు, ఇప్పటికే ఉన్నడు. 2024 జులైలో బెంగళూరులో ఒక రైతు కొడుకుతోని కలిసి మాల్‌లో సినిమా చూడపోయిండు. చేతిలో టికెట్ ఉన్నది. పంచె కట్టుకున్నడని సెక్యూరిటీ ఆపింది. జనం తిరగబడితే కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది.

<b>రాజ్యాంగం కన్నా బోర్డు పెద్దదా?</b>

'ప్రవేశ హక్కులు యాజమాన్యానివే' అని గేటుకు బోర్డు కొడ్తరు. మన రాజ్యాంగంలో 15వ అధికరణం ఉన్నది. దాని రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్లు, జనం కూసునే రెస్టారెంట్లు, వినోద స్థలాల పేర్లు తీసి మరీ రాసిన్రు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన జాగా - కేవలం వీటిని చూపి ఏ పౌరున్నీ అక్కడికి రాకుంట ఆపరాదన్నరు. అంబేద్కర్ కాలంల హోటల్ గడప కాడ నిలబెట్టింది కులం. ఇయ్యాల మొగోడు ఒంటరిగ వస్తే వద్దంటున్నరు. ఇది లింగం చూసి ఆపుడు కాదా?

దీనికి యజమానుల జవాబు తయారుగ ఉంటది: 'ఆడపిల్లల రక్షణ కోసం' అంటరు. ఆడపిల్లల రక్షణ ముమ్మాటికీ కావాలె. కానీ జంటగా వచ్చినోనికి మంచితనం సర్టిఫికెట్ ఎవరిచ్చిన్రు? లోపల చెయ్యి వేసినోన్ని పట్టి పోలీసులకు అప్పజెప్తే అది రక్షణ. 'లేడీస్‌కు ఎంట్రీ ఫ్రీ, డ్రింక్ ఫ్రీ' అని పోస్టర్లు వేసి, ఆడపిల్లను చూపి మొగోళ్ల జేబులు కొట్టేటోళ్లు రక్షణ గురించి మాట్లాడుతుంటే నవ్వాలె, ఏడ్వాలె? ఆమె అక్కడికి వచ్చింది కస్టమర్‌గా. ఎరగా కాదు.

<b>పాట లోపల, పాటగాడు బయట</b>

ఇంకో తమాషా చూడున్రి. రాత్రి పదకొండు దాటినంక డీజే ఏం వేస్తడు? మన తీన్మార్ వేస్తడు. మన ఊర్ల పాటకు బేస్ పెంచి రీమిక్స్ కొడ్తడు. బూట్లేసుకున్నోళ్లంత ఎగురుతరు. గదే పాట కట్టినోడు, గదే డప్పు కొట్టేటోడు ధోతి కట్టుకొని, చెప్పులేసుకొని గేటు కాడికొస్తే 'డ్రెస్ కోడ్' అంటరు. పాట పనికొస్తది, పాటగాడు పనికి రాడు. ఈ నగరంలో సంస్కృతి పేరు మీద జరిగే వ్యాపారం ఇట్లనే ఉంటది.

మనకు కల్లు కాంపౌండు ఎరుకే. అక్కడ గేటు కాడ కాళ్లు చూసేటోడు లేడు. హమాలీ, ఆటో అన్న, ఆఫీసు నౌకరు ఒక్క బల్ల మీద కూసుంటరు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను సర్కారు మూసేసింది. మళ్ల తెరిచింది తెలంగాణ వచ్చినంక, 2014 దసరాకు. నడుమ పదేండ్లు పేదోని కాంపౌండుకు తాళం, పెద్దోని పబ్బుకు లైసెన్సు. అట్లని కాంపౌండును నెత్తిన పెట్టుకోలేం. 2025 జులైలో కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు మనుషుల పాణాలు తీసింది. పేదోడు తాగే దాంట్ల మందు కలుపుతరు, ఉన్నోడు తాగే కాడ బిల్లు కలుపుతరు. రెండు దిక్కులా మోసపోయేది పైసలిచ్చినోడే.

<b>బిల్లు చదువున్రి</b>

బిల్లు కింద 'సర్వీస్ చార్జి' అని పది శాతం వేస్తరు. చాలామంది అది ప్రభుత్వ పన్ను అనుకుంటరు. అది పన్ను కాదు. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని వాటంతటవే బిల్లులో కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. యజమానుల సంఘాలు కోర్టుకు పోయినయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించి, ఆ పిటిషన్లను కొట్టేసింది. కాబట్టి 'ఇది తీసెయ్యున్రి' అని అడుగుడు కస్టమర్ హక్కు. వెయిటర్ తమ్మునికి ఇయ్యాలనిపిస్తే చేతికియ్యున్రి. బిల్లులో కలిసింది ఆ తమ్ముని దాకా చేరుతదో లేదో ఆ బిల్లు చెప్పదు.

పెగ్గు ముప్పై మిల్లీలీటర్లా, అరవయ్యా? ముద్ర ఉన్న కొలతతోని కండ్ల ముందట పొయ్యుమనున్రి. నీళ్ల సీసా దగ్గర మాత్రం జాగ్రత్త. కూసుండబెట్టి వడ్డించే హోటళ్లు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మెనూలో ధర చూసినంకనే సీసా మూత తియ్యున్రి.

ఇంకో మాట. చెప్పులను అంత శ్రద్ధగ చూసే గేటు, బయటికి పోయే రెండో దారిని చూస్తున్నదా? 2017 డిసెంబర్ 29న ముంబై కమలా మిల్స్‌లో అగ్గి అంటుకొని 14 మంది సచ్చిపోయిన్రు. లోపలికి పోంగనే బయటికొచ్చే దారి ఎక్కడున్నదో చూసుకోవాలె.

బౌన్సర్ మన శత్రువు కాదు. ఊరి జిమ్ముల కండలు పెంచి, ఏజెన్సీ కింద రాత్రంత నిలబడే బిడ్డ వాడు. డ్యూటీ దిగి చెప్పులేసుకొని వస్తే గదే గేటు వాన్ని గూడ ఆపుతది. మన కొట్లాట వానికి ఆ మాట నేర్పినోనితోని.

<b>మనం అడిగేది ఇదీ</b>

చెన్నైలో 2014 జులైలో ఒక హైకోర్టు జడ్జిని పంచె కట్టుకున్నడని క్రికెట్ క్లబ్బు లోపలికి రానియ్యలేదు. ఆగస్టులోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్నోన్ని ఆపితే ఏడాది దాక జైలు, 25 వేల జుర్మానా. అసొంటి చట్టం మనకు కావాలె. జడ్జికి అవమానం జరిగేదాక ఆగే పని లేదు, రోజూ జరుగుతున్నది మామూలు మనుషులకు.

రెండోది, ప్రవేశ నియమాలు, కవర్ చార్జి, ధరలు గేటు బయటనే తెలుగుల, ఉర్దూల పెద్దక్షరాలతోని రాయాలె. మూడోది, ఒంటరి మొగోడని, ఒంటరి ఆడమనిషని ఆపితే లైసెన్సు రద్దు చెయ్యాలె. నాలుగోది, బౌన్సర్లకు ఫోటో గుర్తింపు కార్డు మెడల ఉండాలె. ప్రైవేటు సెక్యూరిటీ గార్డుకు ఆ కార్డు ఉండాలని 2005 నాటి చట్టం ఎప్పుడో చెప్పింది, అమలు చేసేటోడే కావాలె.

సర్కారు కదిలేదాక చదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు, నౌకరి చేసే అన్నలు, అక్కలు ఊకోవద్దు. బిల్లు పారెయ్యకున్రి. గేటు కాడ ఏమన్నరో తారీఖు, టైముతోని రాసిపెట్టుకోన్రి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టున్రి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజే లేదు. ఒక్కడు అడిగితే 'లొల్లి చేస్తున్నడు' అంటరు. వందమంది రాతపూర్వకంగ అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఈ నగరంలో పగలు మెట్రో పిల్లర్లు లేపినోళ్లు, ఆఫీసుల లెక్కలు రాసినోళ్లు, ఆటోలు తోలినోళ్లు మనోళ్లే. పగలు పనికొచ్చిన మనిషి రాత్రి పనికి రాడని చెప్పే హక్కు ఏ గేటుకూ లేదు.