చింతకాయ పాటలో పక్షులకు చోటు

చింతచెట్టు విలువ కట్టవలసి వచ్చినపుడు మన పంచాయతీలు పండు తూకమునే చూచుచున్నవి. కోటవురట్ల మొదలు నర్సీపట్నం మీదుగా చింతపల్లి మన్యము వరకు ఈ చెట్టు ఇచ్చు ఆదాయమును ఎరుగని రైతు లేడు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను మన్యపు సరుకులలో చింతపండు ముఖ్యమైనది. అయితే చెట్టు మీద బ్రతుకు ప్రాణులను లెక్కలోనికి తీసికొనువారు తక్కువ. వేసవి చివర పూయు చింతపూత తేనెటీగలకు మేత. ముసలి చెట్ల తొర్రలలో చిలుకలు, పైడికంట్లు పిల్లలు చేయును. పైడికంటె చేలలో ఎలుకలను తినును; అయినను అపశకునమని దానిని తరుముచునే యున్నాము!

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమునకు ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరిచెట్లపై గూళ్ళు కట్టును. చిలమత్తూరు మండలము వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమనున్న చింతచెట్లనే ఎంచుకొనును. చిక్కు ఇక్కడనే యున్నది. కాయ పండు రోజులు, పిల్లలు గూళ్ళలో నుండు రోజులు కలిసివచ్చును. కొమ్మ దులిపినచో పిల్లలు రాలును. దులపకున్న పంట పోవును. కర్ణాటకమున కొక్కరె బెళ్ళూరులో ఈ నష్టమునకు అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారమిచ్చు ఏర్పాటు చేసినది. అచటి రైతులు పక్షుల రెట్టను ఎరువుగా వాడుకొందురు. ఊరంతయు పక్షులను మెచ్చుకొనుచు, నష్టమును ఒక్క ఇంటిపై వదలుట న్యాయము కాదు.

మన పంచాయతీలు చింతకాయ పాట పెట్టుటకు ముందే గూళ్ళున్న చెట్లను గుర్తించి, వానిని పాటనుండి తప్పించవలెను. చెట్టు రైతుదైనచో పరిహారము కొరకు అటవీశాఖకు పంచాయతీయే అర్జీ పంపవలెను.

చింతనీడన పైరు ఎదగదని రైతులనుట నిజమే. కనుక చేలలో నాటవద్దు. బంజర్లలోను, వరాహనది ఒడ్డు పోరంబోకులలోను 10 మీటర్ల ఎడముతో తొలకరిలో నాటవచ్చును. చెరువు గట్టు మీద మాత్రము వద్దు, వేళ్ళు గట్టును చెరచును. విత్తనపు మొక్క కాపునకు వచ్చుటకు 8 నుండి 10 ఏండ్లు, అంటు మొక్కకు 4 లేక 5 ఏండ్లు పట్టును. కాని గూళ్ళకు ఎత్తైన పాతచెట్టే కావలెను. రోడ్డు వెడల్పునకై కొట్టిన చింతకు బదులు నాటిన మొక్క అంతటిదగుటకు ఒక తరము గడచును. కావున కొట్టివేత కాగితముపై సంతకము చేయుటకు ముందు గ్రామాధికారి ఆ చెట్టును తెల్లవారుజామున ఒకసారి స్వయముగా చూచి రావలెను.